ఓట్లు, సీట్లు, కండువాలు: అసెంబ్లీ ఎన్నికల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

పెళ్లి భోజనాల దగ్గరైనా, కుటుంబం వాట్సాప్ గ్రూపులోనైనా రాజకీయం మొదలైందంటే పది నిమిషాల్లో ఫలానా నాయకుడు మంచోడా కాదా అన్న దగ్గరికి వచ్చి ఇరుక్కుపోతుంది. ఆ తీర్పు ఇక్కడ దొరకదు. ఓట్లు సీట్లుగా ఎలా మారతాయి, గెలిచినవాళ్లు ఆ తర్వాత ఏం చేయొచ్చు, వాళ్లను ఆపే రూల్స్ ఎంతవరకు పనిచేస్తాయి అన్న వాటికే ఈ జవాబులు. ఉదాహరణలు ఎక్కువగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణలవే.

39 శాతం ఓట్లొచ్చిన పార్టీకి 11 సీట్లేనా? ఎక్కడో తేడా కొట్టడం లేదూ?

ఆ లెక్క అంతకుముందు ఎన్నికల్లోనూ ఇలాగే పనిచేసింది. అప్పుడు దెబ్బతిన్నవాళ్లు వేరు, అంతే. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో టీడీపీకి 39.17 శాతం ఓట్లు, 23 సీట్లు. 2024లో వైఎస్సార్‌సీపీకి 39.37 శాతం, 11 సీట్లు. ఈ రెంటికీ మధ్యలో, 2023 చివర్లో, తెలంగాణలో కాంగ్రెస్‌కు వచ్చింది 39.40 శాతం. సీట్లు మాత్రం 119లో 64, అధికారం చేతికొచ్చింది. ముగ్గురి ఓటు వాటా దాదాపు ఒక్కటే. ఒకరు ముఖ్యమంత్రి పీఠం ఎక్కారు, ఒకరికి ప్రతిపక్ష హోదా మిగిలింది, ఇంకొకరికి అదీ మిగల్లేదు.

మన దగ్గర ఎన్నిక రాష్ట్రం మొత్తానికి ఒక్కసారిగా జరగదు. ఆంధ్రప్రదేశ్‌లో 175, తెలంగాణలో 119 విడివిడి ఎన్నికలు జరుగుతాయి. ప్రతిచోటా ఎక్కువ ఓట్లొచ్చినవాళ్లదే గెలుపు, రెండో స్థానానికి ఏమీ రాదు. కాబట్టి నీకెన్ని ఓట్లొచ్చాయన్నది సగం సంగతే. మిగతా ఓట్లు ఎంతమంది మధ్య చీలాయన్నది మిగతా సగం. 2024లో వైఎస్సార్‌సీపీ 39 శాతానికి ఎదురుగా టీడీపీ, జనసేన, బీజేపీ కూటమి మూడు పార్టీలవీ కలిపి 55 శాతం దాటాయి. పోటీ నేరుగా ఇద్దరి మధ్యే. తెలంగాణలో కాంగ్రెస్‌కు ఎదురుగా ఉన్న ఓటు ఒకచోట లేదు. బీఆర్‌ఎస్‌కు 37.35 శాతం పోయింది, బీజేపీ 14 శాతం దగ్గర తీసుకుంది. కాంగ్రెస్, బీఆర్‌ఎస్‌ల మధ్య తేడా రెండు శాతమే అయినా సీట్లు 64, 39.

ఓటు ఎక్కడ పడిందన్నది ఇంకో మెలిక. అదే 2023లో తెలంగాణలో మజ్లిస్‌కు రెండు శాతం పైచిలుకు ఓట్లకు 7 సీట్లొచ్చాయి, ఎందుకంటే ఆ ఓటంతా పాతబస్తీ చుట్టూ గుట్టగా ఉంది. 14 శాతం దగ్గరున్న బీజేపీకి 8. రాష్ట్రమంతా పలచగా పరుచుకున్న ఓటు అభ్యర్థులకు రెండో స్థానం, మూడో స్థానం తెచ్చిపెడుతుంది, అసెంబ్లీలో కుర్చీ తెచ్చిపెట్టదు.

ఒక్క నియోజకవర్గం తీసుకుని చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. విజయవాడ సెంట్రల్‌లో 2019లో టీడీపీ అభ్యర్థి బొండా ఉమామహేశ్వరరావు 25 ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఒక చిన్న అపార్ట్‌మెంటు వాళ్లు పోలింగ్ రోజు ఊరెళ్లకుండా ఉంటే ఫలితం తారుమారయ్యేదన్నమాట. 2024లో ఆయనే అక్కడే 68 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు. అసెంబ్లీలో మాత్రం 25 ఓట్ల గెలుపూ 68 వేల గెలుపూ ఒక్క కుర్చీయే. ఓడినవాళ్లు ఓటు శాతం గురించి, గెలిచినవాళ్లు సీట్ల గురించి మాట్లాడటం అందుకే. రెండూ నిజాలే, ఎవరికి పనికొచ్చేది వాళ్లు పట్టుకుంటారు.

2024లో పొత్తే గెలిపించిందా? విడిగా పోటీ చేసుంటే జగన్ మళ్లీ వచ్చేవారా?

ఇద్దరూ గట్టిగా వాదించుకునే చోటు ఇది. 2019 అంకెలు తీసి కూడి చూడండి. టీడీపీ 39.17, జనసేన ఐదున్నర, బీజేపీ ఒక శాతం లోపు. మొత్తం 45న్నర దగ్గర. వైఎస్సార్‌సీపీకి 49.95. అంటే అప్పుడే ముగ్గురూ కలిసున్నా రాష్ట్రం మొత్తం మీద వెనకే ఉండేవాళ్లు. ఓటమి అంత ఘోరంగా ఉండేది కాదేమో, ఓటమి మాత్రం తప్పేది కాదు. 2024 నాటికి వైఎస్సార్‌సీపీ ఓటు పది శాతానికి పైగా కరిగింది. పొత్తు ఆ కరిగిన ఓటు చెల్లాచెదురు కాకుండా పట్టుకుంది. ప్రభుత్వం మీద వ్యతిరేకత లేకుండా పొత్తు ఒక్కటే 164 సీట్లు తెచ్చిందంటే నమ్మడం కష్టం. పొత్తుతో పనిలేకుండానే వ్యతిరేకత అన్ని సీట్లు తెచ్చిందన్నా అంతే.

ఓట్లు బదిలీ కావడం కాగితం మీద కూడినంత సులువు కాదు. 2018లో తెలంగాణలో కాంగ్రెస్, టీడీపీ, సీపీఐ, తెలంగాణ జనసమితి ప్రజాకూటమి కట్టాయి. కాంగ్రెస్‌కు 19, టీడీపీకి 2 వచ్చాయి. టీఆర్‌ఎస్ (ఇప్పటి బీఆర్‌ఎస్) 88 తీసుకుపోయింది. మూడున్నర దశాబ్దాలు ఒకరినొకరు తిట్టుకున్న కార్యకర్తలు రాత్రికి రాత్రి ఒకే జీపెక్కలేరు. పైగా చంద్రబాబు ప్రచారానికి రావడం కేసీఆర్‌కు పాత ఆంధ్రా వాదన మళ్లీ చేతికిచ్చింది. 2024లో జనసేన 21 సీట్లకే ఒప్పుకుని 21కి 21 గెలిచింది. తక్కువ సీట్లు తీసుకున్నందుకు అప్పట్లో పవన్ కల్యాణ్‌ను సొంత అభిమానులే దులిపేశారు. చిరంజీవి ప్రజారాజ్యం 2009లో ఉమ్మడి రాష్ట్రంలో 16 శాతం ఓట్లు దాటినా 18 సీట్లతో ఆగిపోయింది, 2011లో కాంగ్రెస్‌లో కలిసిపోయింది. ఆ అనుభవం చూసినవాళ్లకు 21 సీట్ల బేరం తక్కువగా అనిపించి ఉండదు.

ఎగ్జిట్ పోల్స్ నమ్మొచ్చా?

గెలుపెవరిదన్నది కొన్నిసార్లు పట్టుకుంటాయి, సీట్ల సంఖ్య మాత్రం చాలావరకు ఊహే. కారణం మొదటి జవాబులోనే ఉంది: రెండు శాతం ఓటు అటూ ఇటూ అయితే పాతిక సీట్లు కదులుతాయి, ఏ సర్వేకైనా ఆ రెండు శాతం పొరపాటు మామూలే. మాజీ ఎంపీ లగడపాటి రాజగోపాల్ సర్వేలంటే ఒకప్పుడు పందేలు కాసేంత నమ్మకం ఉండేది. 2018లో తెలంగాణలో ప్రజాకూటమి అన్నారు, 2019లో ఆంధ్రప్రదేశ్‌లో టీడీపీ అన్నారు. రెండూ తలకిందులయ్యాయి, సర్వేలకు దండం పెట్టేశారు. 2024లో కొన్ని సంస్థలు కూటమి అన్నాయి, ఇంకొన్ని వైఎస్సార్‌సీపీ అన్నాయి. ఎవరికి కావలసింది వాళ్లు షేర్ చేసుకున్నారు.

ఇంకో సంగతి. 2024లో మన పోలింగ్ మే 13నే అయిపోయినా ఎగ్జిట్ పోల్స్ జూన్ 1 సాయంత్రం దాకా ఎందుకు రాలేదని చాలామంది అడిగారు. లోక్‌సభకు చివరి విడత ఆ రోజే. దేశంలో ఆఖరి ఓటు పడేదాకా వాటిని బయటపెట్టడం ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం నేరం. ఆ మూడు వారాల్లో ఫోన్లలో తిరిగిన ‘లీకైన సర్వే’లన్నీ ఎవరో ఇంట్లో కూర్చుని వండినవే అనుకోండి.

ఈవీఎంలను మార్చేశారంటున్నారు. నిజం తెలుసుకునే దారి ఉందా?

ముందు ఒక చరిత్ర. 2019 ఎన్నికల ముందు చంద్రబాబు సహా 21 ప్రతిపక్ష పార్టీల నేతలు సగం వీవీప్యాట్ స్లిప్పులు (ఓటు ఎవరికి పడిందో యంత్రం అచ్చువేసే కాగితాలు) లెక్కపెట్టాలని సుప్రీంకోర్టుకు వెళ్లారు. అప్పటిదాకా నియోజకవర్గానికి ఒక్క బూత్ స్లిప్పులే లెక్కించేవారు, కోర్టు దాన్ని ఐదు చేసింది. 2024లో ఓడిపోయాక జగన్ పేపర్ బ్యాలెట్‌కు వెళ్లాలన్నారు. గెలిచిన ఏడాది యంత్రం మీద అనుమానం వచ్చిన పార్టీని నేనింతవరకు చూడలేదు.

2024 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు స్లిప్పులన్నీ లెక్కించాలన్న కోరికను కొట్టేసింది. దాంతో పాటే రెండు వెసులుబాట్లు ఇచ్చింది. గుర్తులు ఎక్కించే యూనిట్లను ఫలితాల తర్వాత 45 రోజులు సీలువేసి ఉంచాలి. రెండు, మూడు స్థానాల్లో వచ్చిన అభ్యర్థులు ఫలితం వచ్చిన ఏడు రోజుల్లో అడిగితే 5 శాతం యంత్రాలను ఇంజినీర్లతో పరీక్ష చేయించాలి. దాని ఖర్చు అభ్యర్థిదే, తేడా దొరికితే తిరిగిస్తారు.

అన్నిటికన్నా పనికొచ్చేది, చర్చల్లో ఎవరూ ఎత్తనిది ఒకటుంది: 17సీ ఫారం. పోలింగ్ ముగిశాక ప్రిసైడింగ్ అధికారి కంట్రోల్ యూనిట్‌లో క్లోజ్ బటన్ నొక్కి, ఆ బూత్‌లో మొత్తం ఎన్ని ఓట్లు పడ్డాయో, యంత్రం నంబరేమిటో, సీళ్ల నంబర్లేమిటో ఈ ఫారంలో రాసి పార్టీల ఏజెంట్లతో సంతకాలు పెట్టించుకుని వాళ్లకూ కాపీ ఇస్తారు. లెక్కింపు రోజు టేబుల్ మీదికి అదే యంత్రం వచ్చిందా, మొత్తం అంతే ఉందా అని కౌంటింగ్ ఏజెంటు ఈ కాగితం పెట్టుకుని సరిచూడొచ్చు. ఉదయం ఏజెంట్ల ముందు కనీసం 50 ఓట్లతో మాక్ పోల్ కూడా జరుగుతుంది. యంత్రం మారిందని ఎవరైనా అంటే ‘ఏ బూత్? 17సీలో నంబరెంత? లెక్కింపులో ఎంతొచ్చింది?’ అని అడగండి. జవాబుంటే అది తీసిపారేసే ఆరోపణ కాదు. లేకపోతే ఆ బూత్‌లో ఏజెంటు పొద్దున్నే సంతకం పెట్టేసి టిఫిన్‌కు వెళ్లి మళ్లీ రాలేదని అర్థం చేసుకోవచ్చు.

2024లో ఆంధ్రప్రదేశ్ పోలింగ్ శాతం రాత్రికీ మర్నాటికీ పెరిగిందన్న అనుమానం కూడా ఉంది. సాయంత్రం 6 గంటలకు వరుసలో ఉన్న అందరికీ స్లిప్పులిచ్చి ఓటు వేయనివ్వాలన్నది నిబంధన. కొన్ని బూత్‌లలో అది అర్ధరాత్రి దాటేదాకా సాగింది. పైగా యంత్రాల్లో పడింది 80.66 శాతం, పోస్టల్ బ్యాలెట్లు కలిపితే 81.86. రెండు అంకెలు రెండు చోట్ల చూసినవాళ్లకు ఓట్లు పుట్టుకొచ్చినట్టే అనిపిస్తుంది.

మా ఎమ్మెల్యే కండువా మార్చేశాడు. పదవి ఎందుకు పోలేదు?

పోవాలి, చట్టం చదివితే. 1985లో రాజ్యాంగానికి 52వ సవరణతో పదో షెడ్యూల్ వచ్చింది. ఎమ్మెల్యే తన పార్టీ సభ్యత్వం స్వచ్ఛందంగా వదులుకున్నా, విప్‌ను, అంటే ఎలా ఓటెయ్యాలో పార్టీ ఇచ్చే ఆదేశాన్ని, ధిక్కరించి ఓటేసినా అనర్హుడవుతాడు. రాజీనామా పత్రం రాసివ్వక్కర్లేదు, నడవడికను బట్టి కూడా వదులుకున్నట్టు తేల్చొచ్చని సుప్రీంకోర్టు 1994లోనే చెప్పింది. ముఖ్యమంత్రి చేతుల మీదుగా కండువా కప్పించుకున్న ఫొటో నడవడిక కాకపోతే ఇంకేం నడవడికో నాకర్థం కాదు.

చిక్కంతా తేల్చేవాళ్ల దగ్గర ఉంది. ఫిర్యాదు వినాల్సింది స్పీకర్. ఆ స్పీకర్ అధికార పార్టీ టికెట్ మీద గెలిచిన ఎమ్మెల్యే. చట్టంలో గడువు లేదు. అందుకే ఫిర్యాదులు ఐదేళ్లూ అలమరాలో పడుకుంటాయి, అసెంబ్లీ రద్దయ్యాక కాలం చెల్లిపోతాయి.

2014 నుంచి 2019 మధ్య వైఎస్సార్‌సీపీ నుంచి 23 మంది ఎమ్మెల్యేలు టీడీపీలోకి వెళ్లారు. వాళ్లలో నలుగురు మంత్రులయ్యారు. నిరసనగా వైఎస్సార్‌సీపీ 2017 చివర్లో అసెంబ్లీకి రావడమే మానేసింది. 2019లో టీడీపీకి సరిగ్గా 23 సీట్లే రావడం దేవుడి లెక్క అని ఆ పార్టీ వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. అదే కాలంలో తెలంగాణలో టీడీపీ నుంచి గెలిచినవాళ్లు టీఆర్‌ఎస్‌లో మంత్రి పదవి చేశారు. అక్కడ తప్పయింది ఇక్కడ ఒప్పయింది.

2019 జూన్‌లో ఇంకో దారి తొక్కారు. శాసనసభాపక్షంలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటే విలీనం, అనర్హత ఉండదు. ఒకప్పుడు మూడింట ఒక వంతు చీలినా చెల్లేది, 2003లో 91వ సవరణ దాన్ని తీసేసింది. తెలంగాణలో కాంగ్రెస్‌కు 19 మంది ఉండేవాళ్లు. ఉత్తమ్‌కుమార్ రెడ్డి నల్లగొండ ఎంపీగా గెలిచి ఎమ్మెల్యే పదవి వదిలేయగానే 18 మంది మిగిలారు. సరిగ్గా 12 మంది టీఆర్‌ఎస్‌లో విలీనమైపోయారు. మిగిలిన ఆరుగురితో కాంగ్రెస్‌కు ప్రతిపక్ష హోదా పోయింది. 2023 తర్వాత బండి తిరగబడింది: బీఆర్‌ఎస్ టికెట్ మీద గెలిచిన పది మంది కాంగ్రెస్ వైపు వెళ్లారని బీఆర్‌ఎస్ కోర్టుకెక్కింది. అప్పుడు ‘ప్రజాస్వామ్యం ఖూనీ’ అన్నవాళ్లు, ‘అభివృద్ధి కోసమే చేరారు’ అన్నవాళ్లు ఒకరి డైలాగులు ఒకరు మార్చుకున్నారు.

కోర్టులు ఏం చేయలేవా మరి?

చేస్తూనే ఉన్నాయి, నెమ్మదిగా. స్పీకర్ నిర్ణయం మీద కోర్టు సమీక్ష ఉంటుందని 1992లోనే చెప్పారు. మణిపూర్ కేసులో 2020లో మామూలుగా మూడు నెలల్లో తేల్చాలన్నారు. తెలంగాణ పది మంది కేసులో 2025 జులై 31న మూడు నెలల్లో నిర్ణయం తీసుకోవాలని స్పీకర్‌ను ఆదేశించారు. ఆ గడువూ దాటింది, మళ్లీ కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. నా మటుకు, ఈ అధికారం స్పీకర్ చేతిలోంచి తీసి సొంత ట్రైబ్యునల్‌కో ఎన్నికల సంఘానికో ఇస్తే తప్ప ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఇదే బొమ్మ ఆడుతుంది. ఆ సవరణ పార్లమెంటే చేయాలి, అక్కడ కూర్చున్న పార్టీలన్నీ ఏదో ఒక రాష్ట్రంలో ఈ సదుపాయం వాడుకుంటున్నవే.

11 మంది ఉన్న పార్టీకి ప్రతిపక్ష నేత హోదా ఇవ్వొచ్చా?

సభలో పదో వంతు ఉండాలన్నది లోక్‌సభలో మొదలైన సంప్రదాయం. 175లో పదో వంతంటే 18 మంది. వైఎస్సార్‌సీపీ వాదన ఏమిటంటే, రాష్ట్ర చట్టంలో ఆ పది శాతం లెక్క ఎక్కడా లేదు, ప్రతిపక్షంలో ఉన్నది తామొక్కళ్లమే. అధికార పక్షం సంప్రదాయం చూపిస్తుంది: 2014లో 44 మందితో లోక్‌సభలో కాంగ్రెస్‌కు హోదా రాలేదు. దీనికి తిరుగుజవాబు కూడా ఉంది. 2015లో ఢిల్లీ అసెంబ్లీలో 70 మందిలో ముగ్గురే ఉన్నా బీజేపీకి ఆ హోదా ఇచ్చారు. అంటే ఇవ్వాలనుకుంటే ఇవ్వొచ్చు, ఇవ్వకపోతే బలవంతం చేసే దారి కష్టం.

హోదాతో కేబినెట్ ర్యాంకు, జీతభత్యాలు, సభలో ముందు మాట్లాడే వీలు వస్తాయి. హోదా లేదని సభకే రాకపోవడం మాత్రం వేరే సంగతి. ఎమ్మెల్యేగా ప్రశ్న అడగడానికి ఏ హోదా అక్కర్లేదు. అనుమతి లేకుండా 60 రోజులు సభా సమావేశాలకు రాకపోతే సీటు ఖాళీ అయినట్టు ప్రకటించే వీలు రాజ్యాంగం 190వ అధికరణంలో ఉంది.

ఉచితాలు రాష్ట్రాన్ని ముంచుతున్నాయా? కోర్టు ఆపలేదా?

మేనిఫెస్టోలో ఇచ్చిన హామీ ఎన్నికల చట్టం ప్రకారం అవినీతి కిందికి రాదని 2013లో తమిళనాడు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మార్గదర్శకాలు పెట్టమని ఎన్నికల సంఘానికి సూచించింది, ప్రవర్తనా నియమావళిలో మేనిఫెస్టోల మీద ఒక భాగం అలా వచ్చింది. హామీలకు డబ్బెక్కడిదో చెప్పాలని అందులో ఉంది. చెప్పిన పార్టీ పేరు మీకు గుర్తుకొస్తే నాకూ చెప్పండి.

ఉచితం అన్న ఒక్క ముద్ర కింద అన్నీ కలిపేయడం ఈ వాదనలో పెద్ద తప్పు. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యాన్ని అప్పుడూ ఖజానా ఖాళీ అవుతుందనే తిట్టారు. ఇవాళ ఏ పార్టీ రేషన్ బియ్యం ఆపుతానని చెప్పే ధైర్యం చేయదు. 2004లో వైఎస్ రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా మొదట సంతకం పెట్టింది రైతుల ఉచిత కరెంటు ఫైలు మీద. తర్వాత వచ్చిన ఒక్కరూ దాన్ని ముట్టుకోలేదు.

లెక్క వేయడం మాత్రం నేర్చుకోవాలి. 2024లో కూటమి ఇచ్చిన ఆరు హామీలు, సూపర్ సిక్స్‌లో 19 నుంచి 59 ఏళ్ల మహిళలకు నెలకు రూ.1,500 హామీ ఉంది. ఏడాదికి రూ.18,000. కోటి మందికిస్తే రూ.18,000 కోట్లు. హామీ వినగానే చేయాల్సిన మొదటి గుణకారం ఇది, దానికి ఆర్థికశాస్త్రం అక్కర్లేదు. తెలంగాణలో ఆరు గ్యారంటీల్లోని మహిళల నెలకు రూ.2,500కీ ఇదే వర్తిస్తుంది. రెండు చోట్లా మొదట ఏవి అమలయ్యాయో గమనించండి: తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహిళలకు ఉచిత బస్సు, ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై 1న పెంచిన రూ.4,000 పింఛను, అంతకుముందు మూడు నెలల తేడాతో కలిపి రూ.7,000. ఒకటి అప్పటికే నడుస్తున్న బస్సుల మీద ఆధారపడింది, రెండోది అప్పటికే ఉన్న లబ్ధిదారుల జాబితా మీద. కొత్తగా కోటి ఖాతాల్లో నెలనెలా వేయాల్సినవి వెనక్కి పోయాయి.

ఉచిత బస్సు మీద ఎక్కువ ఎగతాళి మగవాళ్ల నుంచే వింటాను. పొద్దున పల్లె నుంచి పట్నానికి కూలికో కాలేజీకో పోయే ఆడమనిషికి రోజుకు మిగిలే చార్జీ ఎంతో, ఆ డబ్బు ఎవరినీ అడక్కుండా వాడుకోవడం ఎలా ఉంటుందో ఆమెనే అడగాలి. అలాగని ఆర్టీసీకి ఆ సొమ్ము సర్కారు వేళకు కట్టకపోతే కొత్త బస్సులు రావు, ఉన్నవి కిక్కిరిసిపోతాయి. రెండు మాటలూ ఒకే మనిషి అనొచ్చు. అనేవాళ్లే తక్కువ.

ఓటుకు నోటు తీసుకుని నచ్చినవాళ్లకు వేస్తే తప్పేంటి?

చట్టం ముందు ఇచ్చినవాళ్లూ తీసుకున్నవాళ్లూ ఇద్దరూ నేరస్తులే, ఏడాది వరకు జైలు పడొచ్చు. సీ-విజిల్ యాప్‌లో ఫొటో పెడితే 100 నిమిషాల్లో స్పందించాలి. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చుకు మన రాష్ట్రాల్లో 40 లక్షల పరిమితి ఉంది, పార్టీ ఖర్చుకు పరిమితి లేదు. ఆ 40 లక్షలు ఎన్ని ఊళ్లకు సరిపోతాయో ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. అందరికీ తెలిసిన అబద్ధాన్ని అభ్యర్థులంతా లెక్కల పుస్తకంలో రాసి సంతకం పెట్టి ఇస్తారు. ‘మాకు రాలేదు’ అని పంపకాల దగ్గర ధర్నా చేసే ఓటరును తిట్టే ముందు ఆ సంగతి తలుచుకోవాలి.

నోటాకు ఎక్కువ ఓట్లొస్తే మళ్లీ ఎన్నిక పెడతారా?

పెట్టరు. తర్వాత ఎక్కువ వచ్చిన అభ్యర్థే గెలిచినట్టు. 2024లో ఇండోర్ లోక్‌సభలో నోటాకు 2 లక్షల 18 వేల పైచిలుకు పడ్డాయి, ఏమీ మారలేదు. డిపాజిట్ లెక్కలో కూడా నోటా చెల్లిన ఓటు కాదు. చెల్లిన ఓట్లలో ఆరో వంతు రాకపోతే అభ్యర్థి కట్టిన రూ.10,000 గల్లంతవుతుంది.

పెద్ద నాయకులు రెండు చోట్ల ఎందుకు నిలబడతారు?

భయం ఒకటి, పక్క జిల్లాల మీద ప్రభావం ఇంకొకటి. 1985లో ఎన్టీఆర్ గుడివాడ, హిందూపురం, నల్లగొండ మూడింట్లోనూ గెలిచారు. 1989లో హిందూపురంలో గెలిచి కల్వకుర్తిలో ఓడారు. రెండుకు మించి వద్దన్న నిబంధన 1996లో వచ్చింది. 2019లో పవన్ కల్యాణ్ గాజువాక, భీమవరం రెండూ ఓడిపోయారు. 2023లో కామారెడ్డిలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్, కాబోయే ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఎదురెదురుగా నిలబడితే ఇద్దరినీ బీజేపీ అభ్యర్థి కాటిపల్లి వెంకటరమణారెడ్డి ఓడించారు. రెండూ గెలిస్తే ఒకటి వదలాలి, ఉప ఎన్నిక ఖర్చు జనానిది.

గవర్నర్ ప్రభుత్వాన్ని తీసేయగలరా?

1984 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో జరిగిందే ఈ ప్రశ్నకు పాఠం. గుండె ఆపరేషన్ చేయించుకుని అమెరికా నుంచి వచ్చిన ఎన్టీఆర్‌ను గవర్నర్ రామ్‌లాల్ తొలగించి నాదెండ్ల భాస్కరరావు చేత ప్రమాణం చేయించారు. బలం సభలో నిరూపించుకుంటానన్నా వినలేదు. ఎన్టీఆర్ వీల్‌చెయిర్‌లో ఢిల్లీ వెళ్లి తన ఎమ్మెల్యేలను రాష్ట్రపతి జైల్‌సింగ్ ముందు నిలబెట్టారు. రాష్ట్రమంతా భగ్గుమంది. గవర్నర్ మారారు, సెప్టెంబరు 16న ఎన్టీఆర్ తిరిగి కుర్చీ ఎక్కారు. మరుసటి ఏడాదే ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చింది. 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత మెజారిటీ తేల్చాల్సింది సభలోనే, రాజ్‌భవన్‌లో కాదని స్థిరపడింది. ఇప్పుడు గవర్నర్లతో గొడవలు ఎక్కువగా బిల్లులు ఆపడం మీద నడుస్తున్నాయి.

అసెంబ్లీ సీట్లు ఆంధ్రప్రదేశ్‌లో 225, తెలంగాణలో 153 అవుతాయంటున్నారు, ఎప్పుడు?

విభజన చట్టం 26వ సెక్షన్‌లో ఆ అంకెలున్నాయి. కానీ అది రాజ్యాంగం 170వ అధికరణానికి లోబడి. 2026 తర్వాత జరిగే మొదటి జనగణన దాకా పెంపు లేదు. ముందే పెంచాలన్న పిటిషన్‌ను 2025 జులైలో సుప్రీంకోర్టు కొట్టేసింది. టికెట్ ఆశావహులు ఓపిక పట్టాల్సిందే.

ఎన్నికలో అక్రమం జరిగిందనుకుంటే ఏం చేయాలి?

ఫలితం వచ్చిన 45 రోజుల్లో హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయాలి. అభ్యర్థి వేయొచ్చు, ఆ నియోజకవర్గం ఓటరూ వేయొచ్చు. వేగం సంగతి అడక్కండి. 2018లో కొత్తగూడెంలో గెలిచిన వనమా వెంకటేశ్వరరావు ఎన్నిక చెల్లదని హైకోర్టు తీర్పిచ్చింది 2023 జులైలో, అసెంబ్లీ గడువు ఇంకో ఐదారు నెలలుందనగా. దాని మీద సుప్రీంకోర్టు స్టే వచ్చింది.

ధర్మపురి కథ ఇంకా విడ్డూరం. 2018లో కొప్పుల ఈశ్వర్ 441 ఓట్లతో గెలిచారు, ఓడిన అడ్లూరి లక్ష్మణ్‌కుమార్ కోర్టుకు వెళ్లారు. 2023 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశంతో జగిత్యాల జిల్లాలో స్ట్రాంగ్‌రూమ్ తెరవబోతే తాళంచెవులు లేవు. ఎవరి దగ్గరున్నాయో ఎవరూ చెప్పలేకపోయారు, చివరికి తాళాలు పగలగొట్టించారు. ఆ ఏడాది చివర్లో ఎన్నికలొచ్చి లక్ష్మణ్‌కుమార్ ఓట్లతోనే గెలిచారు.

బూత్‌కు వెళ్తే నా ఓటు అప్పటికే ఎవరో వేసేశారు. ఇంటికి వెళ్లిపోవాలా?

వెళ్లొద్దు. గుర్తింపు కార్డు చూపించి ప్రిసైడింగ్ అధికారిని టెండర్ ఓటు అడగండి. మీరెవరో రుజువైతే ఇచ్చి తీరాలి. అది యంత్రంలో కాదు, కాగితం బ్యాలెట్ మీద వేస్తారు, మీ పేరు విడిగా జాబితాలో రాసి సంతకం తీసుకుంటారు, బ్యాలెట్‌ను కవర్లో పెట్టి సీలు వేస్తారు. లెక్కింపు రోజు ఆ కవర్ విప్పరు. మెజారిటీ మరీ తక్కువై ఎవరైనా హైకోర్టుకు వెళ్తే, కోర్టు చెబితేనే తెరుస్తారు. బూత్‌లో ఏజెంట్లుంటే వాళ్ల ముందే అడగండి, ఎన్ని టెండర్ ఓట్లు పడ్డాయో వాళ్లు రాసుకుంటారు.